గండిపేటకీ హిమాయత్‌సాగర్‌కీ నడుమ ఉన్న అడవి గుట్ట గురించి అధికారులకు బహిరంగ లేఖ

జంట జలాశయాల చుట్టుపక్కల నీళ్లు, అడవి, భూములు, రోడ్లు చూసుకునే సార్లకి, మేడమ్‌లకి నమస్కారం.

మీకు పని ఎక్కువ ఉంటదని తెలుసు, కాబట్టి పొగడ్తలు పక్కనపెట్టి సూటిగా విషయానికి వస్తున్నా. ఇదే సంగతి మీద ఇంతకుముందు రెండుసార్లు కాగితం మీద రాసి ఇచ్చాను, ఒకసారి ఆన్‌లైన్‌లో పెట్టాను. కాగితాలకి స్టాంపు వేసిన రసీదులున్నాయి, ఆన్‌లైన్ దానికి ఫోన్‌లో మెసేజ్ ఉంది, జవాబే లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేటట్టు రాస్తున్నా.

మాది మొయినాబాద్ వైపు ఒక పల్లె. ఊరి పేరు రాయట్లేదు, రాస్తే సాయంత్రానికల్లా "ఎందుకన్నా నీకీ లొల్లి" అనుకుంటూ ఇద్దరు ముగ్గురు ఇంటికొస్తారు, వచ్చేవాళ్లు కూడా మావాళ్లే, ఛాయ్ తాగించి పంపాలి. కొంచెం చెలక ఉంది, టమాట, ఆకుకూరలు వేస్తాం, తెల్లారకముందే మూటలు కట్టి మెహిదీపట్నం రైతుబజార్‌కి తెస్తాం. మీలో కొంతమంది మా మెంతికూర తినే ఉంటారు.

జరిగింది చెప్తా. పోయిన వానాకాలం ముందు రాత్రి పదకొండు దాటాక టిప్పర్లు రావడం మొదలైంది. సిటీలో ఇళ్లు కూలగొట్టిన మలమా, ఇటుక ముక్కలు, పగిలిన టైల్స్, ఒకదాంట్లో అయితే నీలం రంగు కమోడ్ కూడా, అన్నీ తెచ్చి అడవి కంచెకి బయట ఉన్న ఒర్రెలో పోశారు. ఒర్రె అంటే ఎప్పుడూ పారేది కాదు, గట్టి వాన పడితే రెండు మూడు గంటలు పారి ఆగిపోతది, ఎండాకాలంలో చూస్తే ఇది నీళ్ల దారి అని కొత్తవాళ్లకి తెలియను కూడా తెలియదు. దాని మీద బండ్లబాట, బాట కింద రెండు సిమెంటు పైపులు. ఆ పైపుల మూతులు పూర్తిగా మూసుకుపోయాయి. ఫొటోలు తీసి లొకేషన్ పెట్టి కంప్లైంట్ ఇచ్చా. పద్దెనిమిది రోజులకి "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని మెసేజ్. సంతోషపడి పోయి చూస్తే మలమాని జేసీబీతో నున్నగా చదును చేసి ఉంది. ఒర్రె ఉన్న చోట ఇప్పుడు పిల్లలు క్రికెట్ ఆడుకోవచ్చు.

ఆ తర్వాత మొదటి పెద్ద వానకి ఆ నీళ్లు పైపుల్లోంచి పోలేక మా చెలక మీదుగా పోయాయి, ఐదు మడులు మెంతి పోయింది. నష్టం చెప్పుకోడానికి సిగ్గుపడేంత చిన్నది, దానికి పరిహారం అడగట్లేదు. కానీ ఆ రోజు పొద్దున గోనెసంచి నెత్తిన కప్పుకుని ఆ బాట మీద నిలబడి చూశా. కంచె లోపల చెట్ల కింద నుంచి వచ్చే నీళ్లు దాదాపు తేటగా, నెమ్మదిగా, ఆకులు తోసుకుంటూ వస్తున్నాయి. పక్కనే కొత్త వెంచర్ వాళ్లు చదును చేసి మొరం రోడ్లేసిన వైపు నుంచి వచ్చేవి ఎర్రగా, ఛాయ్ రంగులో, ఉరికొస్తున్నాయి. ఒకే వాన, ఒకే గుట్ట, నడుమ ఒక కంచె. వాన ఆగిన అరగంటకి వెంచర్ వైపు నీళ్లు ఆగిపోయాయి, అడవి వైపు నుంచి సాయంత్రం దాకా సన్నగా వస్తూనే ఉన్నాయి. ఈ లేఖలో చెప్పేదంతా ఆ ఒక్క పొద్దున చూసిందే, మిగతాదంతా దానికి లెక్కలు, తేదీలు.

ముందు ఈ గుట్ట ఏదో చెప్పాలి, ఎందుకంటే మీ ఫైళ్లలో దీనికి ఒక్కో డిపార్ట్‌మెంట్‌లో ఒక్కో పేరు. అటవీ శాఖకి మృగవని నేషనల్ పార్క్, చుట్టూ చిలుకూరు రిజర్వ్ ఫారెస్ట్. రెవెన్యూ వాళ్లకి సర్వే నంబర్లు. నీళ్ల వాళ్లకి క్యాచ్‌మెంట్, అంటే వాన నీళ్లు చెరువులోకి జారే నేల. ప్లాట్లు అమ్మేవాళ్ల కరపత్రంలో "ఫారెస్ట్ వ్యూ, లేక్ వ్యూ". మాకు గుట్ట, అంతే. గుట్ట అన్నానని భువనగిరి లాగా ఒంటి బండ లేచి ఉంటదనుకోకండి. అప్పా జంక్షన్ దాటి చేవెళ్ల రోడ్డులో బండి మీద పోతుంటే ఎత్తు ఎక్కుతున్నట్టే అనిపించదు, లోపలికి నడిస్తేనే తెలుస్తది, ఎర్ర మొరం, గుండ్రటి గ్రానైట్ బండలు, మోదుగ, రేల, తంగేడు, టేకు, వెదురు. పైనుంచి చూస్తే వాయవ్యం దిక్కున ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, ఆగ్నేయం దిక్కున హిమాయత్‌సాగర్. గండిపేట మూసీ మీద, హిమాయత్‌సాగర్ ఈసీ మీద. ఈ రెండు వాగుల నడుమ ఉన్న ఎత్తు నేలే మా గుట్ట, అటు జారిన నీళ్లు మూసీకి, ఇటు జారినవి ఈసీకి. చివరికి రెండూ పోయి లంగర్‌హౌస్ బాపూఘాట్ దగ్గర కలుస్తాయి. గండిపేట ఫుల్ ట్యాంక్ లెవల్ సముద్రమట్టం నుంచి 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1,763.5 అడుగులు. అంటే రెండూ నిండితే ఒక చెరువు ఇంకోదానికంటే ఇరవై ఆరున్నర అడుగుల ఎత్తులో ఉంటది. నేను ఈ లెక్క చెప్తే మా ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లలు కూడా నమ్మలేదు.

పాత సంగతి కొంచెం చెప్తా, ఎక్కువ సేపు తీసుకోను. ఈ నేల నిన్నమొన్న మనుషులు వచ్చింది కాదు. మొయినాబాద్ మండలంలోనే ఎన్కేపల్లిలో చెరువు తూముకి బిగించి ఉన్న రాతి స్తంభాలని 2023లో చరిత్ర తెలిసినవాళ్లు గుర్తుపట్టారు, వాటి మీద జైన తీర్థంకరుల బొమ్మలు, తెలుగు కన్నడ లిపిలో రాతలు, వెయ్యేళ్ల కిందటివి అన్నారు. అన్నేళ్లు అది ఊరోళ్లకి తూము రాయి, బట్టలుతికే చోటు. నాకు అందులో తప్పేం కనపడలేదు, పాత గుడి రాయి కూడా ఇక్కడికి వచ్చేసరికి నీళ్ల పనికే వచ్చింది.

అసలు కథ 1908 సెప్టెంబర్ 28ది. మూసీ పొంగి హైదరాబాద్‌లో సుమారు 15 వేల మంది చనిపోయారు. ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఉన్న చోట చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారని ఇప్పటికీ చెప్తారు, ఆ చెట్టు ఇంకా ఉంది. ఆ తర్వాత 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన సిటీలో గోడలు కట్టండి అని చెప్పి ఊరుకోలేదు, వరదని ఊరి బయటే పట్టి ఆపాలి, మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి రిజర్వాయర్లు కట్టాలి అన్నాడు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి, రెండోదానికి ఆయన పెద్ద కొడుకు పేరు. ఇక్కడొక మాట గుర్తుపెట్టుకోవాలి సార్, ఈ రెండూ ముందు వరద ఆపడానికి కట్టినవి, తాగునీళ్లు దాంతోపాటు వచ్చిన లాభం. గండిపేట నీళ్లు తాగినోడు హైదరాబాద్ విడిచిపోడు అనే మాట ఆ తర్వాత పుట్టింది. ఆ నీళ్లు మోటర్లు లేకుండా, వాలుకే, ఆసిఫ్‌నగర్ ఫిల్టర్‌బెడ్లకి పోయేవి, హిమాయత్‌సాగర్‌వి మీరాలం ఫిల్టర్‌కి. కరెంటు బిల్లు లేని నీళ్లు.

నడుమ ఉన్న గుట్ట అప్పట్లో నిజాం వేటకి వచ్చే అడవి. ఆ వేట పుణ్యమా అని ఎవరూ గొడ్డలి పెట్టలేదు, అది వింతే. 1994లో దాన్ని నేషనల్ పార్క్ చేశారు, సుమారు 3.6 చదరపు కిలోమీటర్లు, దేశంలో నేషనల్ పార్కుల లెక్కలో చాలా చిన్నది. దుప్పులు, సాంబర్లు, అడవిపందులు, నెమళ్లు, రక్తపింజరలు కూడా. తర్వాత 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్లలో, 84 ఊళ్లలో కలిపి దాదాపు 1,32,000 ఎకరాల్లో కాలుష్యం చేసే ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నారు. ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీ పెట్టుకుంటానని ఒక ఆయిల్ కంపెనీ కోర్టుకెక్కితే సుప్రీంకోర్టు 1999లో, మళ్లీ 2000లో తాగునీటి చెరువు విషయంలో ముందు జాగ్రత్తే న్యాయం అని తీర్పులిచ్చింది, హాని చేయనని రుజువు చేసుకోవాల్సింది ఫ్యాక్టరీ పెట్టేవాడే అంది, ఇప్పుడు లా కాలేజీల్లో ఆ కేసు పాఠం. దేశానికి పాఠమైన తీర్పు ఉన్న చోట రాత్రి పదకొండుకి టిప్పర్లు తిరుగుతున్నాయి.

ఆ తర్వాత 2022 ఏప్రిల్ 12న జీవో 69 ఇచ్చి ఆ ఆంక్షలు తీసేశారు, 2023 మేలో కేబినెట్ మొత్తానికే రద్దు అంది. కారణం ఏం చెప్పారంటే, ఈ రెండు చెరువుల నుంచి సిటీ వాడుకునే నీళ్లు 1.25 శాతం కూడా లేవు అని. ఆ లెక్క తప్పు అని నేను అనట్లేదు. కానీ వరద ఆపడానికి కట్టినదాన్ని తాగునీళ్ల శాతంతో కొలిస్తే ఎట్లా సార్? ఇంటి గొడుగు ఏడాదిలో ఎన్ని రోజులు వాడాం అని లెక్కేసి పారేసినట్టు ఉంది.

ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి, లేకపోతే మా ఊరోళ్లే నన్ను తిడతారు. జీవో 111 వల్ల మా 84 ఊళ్ల రైతులు నిజంగానే నష్టపోయారు. చెరువుకి అవతల కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది, ఇవతల మావాడు బిడ్డ పెళ్లికి రెండెకరాలు అమ్ముదామంటే అడిగే దిక్కు లేకుండా ఏళ్లు గడిచాయి. సిటీని వరద నుంచి కాపాడే పని మాకు అప్పజెప్పి జీతం మాత్రం ఇవ్వలేదు. ఆ కోపం న్యాయమైనదే. కాకపోతే జీవో పోతే లాభపడేది ఎవరు అని చూస్తే, మా వైపు రోడ్డు పక్కన భూముల్లో చాలా వరకు అప్పటికే రైతుల చేతుల్లో లేవు, పెద్ద పెద్ద గేట్లు, గేటు మీద కెమెరా, లోపల ఎవరున్నారో ఊరికి తెలియదు. నేను కొన్నవాళ్లందర్నీ దొంగలు అనట్లేదు, కొంతమంది మంచోళ్లు, పండక్కి మామిడిపళ్లు పంపిస్తారు.

ఇప్పుడు ఈ గుట్ట, దాని ఒర్రెలు పాడైతే ఎవరికి ఏమవుతదో వరసగా రాస్తున్నా.

1. మూసీ ఒడ్డున ఉండేవాళ్లు. 2025 సెప్టెంబర్ 26 రాత్రి రెండు చెరువుల గేట్లెత్తాక మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి, దసరాకి ఊళ్లకి పోదామని వచ్చినవాళ్లు బ్యాగులు నెత్తిన పెట్టుకుని చిక్కుకుపోయారు, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వైపు లోతట్టు ఇళ్లు మునిగాయి. అది మా ఒక్క గుట్ట వల్ల జరిగిందని నేను చెప్పను, అంత తెలివితక్కువ మాట అననులెండి, పైన వందల చదరపు కిలోమీటర్ల క్యాచ్‌మెంట్ ఉంది, గండిపేటకి దాదాపు 740, హిమాయత్‌సాగర్‌కి దాదాపు 1,300. కానీ ఆ కంచె దగ్గర నేను చూసింది అంతటా జరిగేదే. చెట్లు, మొరం ఉన్న చోట నీళ్లు సాయంత్రం దాకా ఆగి ఆగి వస్తాయి, చదును చేసి సిమెంటు పోసిన చోట అరగంటలో ఉరికొస్తాయి. అన్ని వైపుల నుంచీ ఒకేసారి ఉరికొస్తే గేట్ల దగ్గర డ్యూటీలో ఉన్న ఇంజనీరు మాత్రం ఏం చేస్తాడు, ఎత్తాల్సిందే. ఎత్తితే ముందు మునిగేది రేకుల ఇల్లే కానీ గేటెడ్ కమ్యూనిటీ కాదు.

2. బోర్లు. మాది గ్రానైట్ నేల. కింద పెద్ద నీళ్ల గుంటలేం ఉండవు, పైన మెత్తబడ్డ మొరంలో, రాతి పగుళ్లలో ఎంత ఇంకితే అంతే. గుట్ట మీద ఇంకింది కింద ఊళ్ల బోర్లకి వస్తది. మా నాయన కాలంలో చేదబావి, నా చిన్నప్పుడు 150 అడుగుల బోరు, ఇప్పుడు పక్కింటాయన 900 అడుగులు వేయిస్తే దుమ్ము లేచింది. బోరు బండి వాళ్లకి అడుగుల లెక్కన డబ్బులు, నీళ్లు పడ్డా పడకపోయినా. చిన్న రైతు ఒక్క ఫెయిల్ బోరుతో రెండేళ్ల అప్పులో పడతాడు. వానలు అంతగా తగ్గకపోయినా హిమాయత్‌సాగర్‌కి వచ్చే నీళ్లు ముందటికంటే తగ్గాయని నీళ్ల మీద పనిచేసే శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెప్తున్నారు, మాకు అది బోరు మోటర్ శబ్దంలోనే తెలుస్తది, నీళ్లు అయిపోయి గాలి పీల్చే చప్పుడు ఎట్లుంటదో ఈ చుట్టుపక్కల ఆడవాళ్లందరికీ ఎరుకే.

3. పన్ను కట్టేవాళ్లు, అంటే అందరూ. కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్ల పైనుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి, ఎత్తిపోసి తెచ్చుకుంటున్నాం. ఇప్పుడు 7,360 కోట్లతో గోదావరి రెండు, మూడు ఫేజ్‌లు కలిపి మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీలు తెస్తామంటున్నారు, అందులో రెండున్నర టీఎంసీలు మూసీ కోసం, ఈ రెండు చెరువులని నింపడానికి. మంచిదే, వద్దనను. కానీ ఒక పక్క అంత దూరం నుంచి మోటర్లు పెట్టి నీళ్లు తెచ్చి పోయడం, ఇంకో పక్క ఉచితంగా వచ్చే వాన నీళ్ల దారిలో కమోడ్లు పోయనివ్వడం, ఇది ఏం లెక్కో నాకు అర్థం కాలేదు.

4. జంతువులు, వాటితోపాటు మేం. పార్కుకి ఇటు చేవెళ్ల రోడ్డు, అటు ఔటర్ రింగ్ రోడ్డు, చుట్టూ ప్రహరీలు. దుప్పి దాహానికి చెరువు దాకా పోవాలంటే ఎన్ని గోడలు దాటాలి? 2025లో మంచిరేవుల దగ్గర చిరుత తిరిగిందని ఎంత హడావిడి అయిందో గుర్తుండే ఉంటది, చివరికి బోనులో పట్టారు. టీవీల్లో "జనావాసాల్లోకి చిరుత" అని వేశారు. ఆ చిరుతకి టీవీ ఉంటే ఏమని వేసేదో. మాకైతే నష్టం మెల్లగా ఉంటది, పందులు చెలకలోకొస్తాయి, రాత్రి కాపలా, నిద్రలేకుండా పొద్దున కూరగాయల మూట.

5. రోడ్డు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు వెడల్పు చేసే పని, దాని మీద దాదాపు 900 మర్రిచెట్ల కోసం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోరాటం, అందరికీ తెలిసిందే. నాకు రోడ్డు వెడల్పు కావాలి సార్, ఆ మలుపుల్లో మావాళ్లు ఎంతోమంది పోయారు, చెట్టు కావాలా మనిషి కావాలా అని అడిగితే నా దగ్గర కూడా తేలికైన జవాబు లేదు. నేను అడిగేది రోడ్డు కింద సంగతి. మర్రిచెట్లని అందరూ చూస్తారు, రోడ్డు కింద తూములని ఎవరూ చూడరు. పాత రోడ్డు ఏ ఒర్రె మీదుగా పోతే ఆ ఒర్రెకి అప్పటివాళ్లు ఒక తూము వదిలారు. కొత్త రోడ్డు ఎత్తు పెంచి ఆ తూముల్లో సగం మూసేస్తే రోడ్డే కట్ట అయిపోతది, ఒక పక్క పొలం మునుగుతది, ఇంకో పక్క చెరువు ఎండుతది.

6. చిలుకూరు బాలాజీ గుడికి వచ్చే భక్తులు, అమెరికాలో ఉన్న మనవాళ్లు. మీరు అధికారులు కాదు, అయినా మీకూ ఒక మాట. వీసా రావాలని పదకొండు ప్రదక్షిణలు, వచ్చాక నూట ఎనిమిది చేసింది ఈ గండిపేట ఒడ్డునే. హుండీ లేని గుడి, స్వామి మిమ్మల్ని ఏమీ అడగలేదు. ఇప్పుడు అక్కడ కూర్చుని వీడియో కాల్‌లో "లేక్ వ్యూ ఫామ్ ప్లాట్" చూసి టోకెన్ అడ్వాన్స్ పంపేముందు, ఆ ప్లాటు చెరువు ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే మునిగే నేలలో ఉందా, దాని చుట్టూ కట్టడాలు వద్దన్న బఫర్‌లో ఉందా, ఒర్రెని పూడ్చి చదును చేసిందా అని ఒక్కసారి ఎవరినైనా పంపి చూపించుకోండి, వానాకాలంలో చూపించుకోండి, ఎండాకాలంలో కాదు. 2024 ఆగస్టులో హైడ్రా (చెరువుల కబ్జాలు తీసేసే ప్రభుత్వ సంస్థ) వాళ్లు గండిపేట చుట్టుపక్కల ఎఫ్‌టీఎల్‌లో కట్టినవి కూలగొట్టినప్పుడు నష్టం కట్టుకున్నవాళ్లదే.

ఇక మేం అడిగేవి. ఇవి పెద్ద కోరికలేం కావు, కొన్నిటికి కొత్త జీవో కూడా అక్కర్లేదు.

ఒకటి, మా ప్రాంతంలో ఇప్పుడు ఏ రూలు నడుస్తుందో తెలుగులో, ఊరు ఊరుకీ, సర్వే నంబరు వారీగా రాసి పంచాయతీ గోడ మీద పెట్టండి. 111 ఉందా, 69 ఉందా, రెండూ ఉన్నాయా అని ఒక్కో ఆఫీసులో ఒక్కో మాట చెప్తున్నారు, ఆ అయోమయంలోనే బేరాలు నడుస్తున్నాయి. జీవో 69 అప్పుడు చీఫ్ సెక్రటరీ గారి అధ్యక్షతన కమిటీ వేశారు, నీళ్లు పాడవకుండా ఏం చేయాలో చెప్తుందన్నారు. ఆ కమిటీ ఏం తేల్చిందో అది కూడా బయటపెట్టండి.

రెండు, గుట్ట నుంచి రెండు చెరువులకీ పోయే ప్రతి ఒర్రెనీ, వాగునీ మ్యాప్ చేసి రాళ్లు పాతండి. చెరువు చుట్టూ ఎఫ్‌టీఎల్ రాళ్లు పాతితే చాలదు, చెరువు అంటే గిన్నె ఒక్కటే కాదు కదా, గిన్నెలోకి నీళ్లొచ్చే దారులు పూడిస్తే గిన్నెకి కాపలా ఎందుకు. పాత నక్షాల్లో ఈ ఒర్రెలు చాలావరకు ఉన్నాయి, మా ఊరి నక్ష ఒకాయన దగ్గర ట్రంకుపెట్టెలో ఉంది, బట్ట మీద అతికించింది, అడిగితే చూపిస్తాడు, ఇవ్వడు. ఏ ఊళ్లోనైనా డెబ్బై దాటిన ఇద్దర్ని వెంటబెట్టుకుని ఒక రోజు నడవండి, శాటిలైట్‌లో కనపడనివి కూడా చూపిస్తారు.

మూడు, మలమా టిప్పర్లు. సిటీలో పాత ఇల్లు కూలగొట్టడానికి పర్మిషన్ ఇచ్చేటప్పుడే ఆ మలమా ఎక్కడికి పోతుందో రాయించుకోండి, రీసైక్లింగ్ ప్లాంటు రసీదు తెస్తేనే కొత్త ఇంటి ప్లాన్ పాస్ చేయండి. పోసినవాడి దగ్గర ఫైన్ కట్టించుకుని వదిలేయకుండా ఎత్తించండి కూడా. నా కంప్లైంట్ విషయంలో జరిగినట్టు చదును చేసి క్లోజ్ చేయొద్దు. కంప్లైంట్ క్లోజ్ చేసే ముందు పెట్టినవాడికి ఫొటో పంపి "అయిందా" అని అడగడానికి ఎంత ఖర్చవుతది?

నాలుగు, రోడ్డు పనిలో గుట్ట పక్కన ఉన్న ప్రతి పాత తూమునీ లెక్కపెట్టి, ఎన్ని ఉన్నాయో అన్ని కొత్తవి, పాతదానికంటే చిన్నవి కాకుండా కట్టండి. వాటిలో రెండు మూడు దుప్పి తలవంచకుండా దాటేంత ఎత్తు ఉంటే ఇంకా మంచిది.

ఐదు, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. 84 ఊళ్ల చిన్న రైతుకి కౌలు లాంటిది ఇవ్వండి. నా భూమిని చెలకగానే ఉంచితే, చెట్లుంచితే, ఒర్రె వదిలితే, దాని వల్ల కింద సిటీకి లాభం ఉంది కదా, ఆ లాభంలో ఎకరానికి ఏటా ఇంత అని ఖాతాలో వేయండి. 7,360 కోట్ల లెక్కలో ఇది పెద్దది కాబోదు. జీవో ఉంచుతాం అనే ప్రభుత్వమైనా, తీసేస్తాం అనే ప్రభుత్వమైనా మమ్మల్ని అడిగింది లేదు. డబ్బు ఇచ్చి కాపలా పెట్టండి, ఉచితంగా కాపలా కాయమంటే ఎన్ని తరాలు కాస్తాం? మా నాయన కాశాడు, నేను కాస్తున్నా, నా కొడుకు గచ్చిబౌలిలో క్యాబ్ నడుపుతున్నాడు, వాడికి ఒర్రె ఎక్కడుందో కూడా తెలియదు.

ఇంకో చిన్న విషయం, లేఖ అయిపోయిందనుకున్నాక గుర్తొచ్చింది. పార్కు వెనక వైపు కంచె దగ్గర పెళ్లి ఫంక్షన్ల ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు గుట్టలుగా ఉన్నాయి, మొన్న ఒక దుప్పి పిల్ల మూతికి పెరుగు కప్పు ఇరుక్కుని అటూ ఇటూ తిరుగుతుంటే మేం ఇద్దరం కంచె ఇవతల నిలబడి చూస్తూ ఉండిపోయాం, లోపలికి పోతే కేసు, పోకపోతే అది. కాసేపటికి దానంతట అదే ఊడిపోయింది. ఎవరికి ఫోన్ చేయాలో అక్కడ ఒక బోర్డు మీద నంబరు రాయించండి, ఎత్తే నంబరు.

మీలో ఎవరికైనా పైన రాసింది అతిగా అనిపిస్తే నాతో వాదించక్కర్లేదు. ఈసారి పెద్ద వాన పడ్డ మర్నాడు పొద్దున ఆరుకి రండి, అప్పా జంక్షన్ నుంచి ఇరవై నిమిషాలు. ఆ రెండు పైపుల దగ్గరే ఉంటా. బూట్లు కాదు, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు తెచ్చుకోండి, ఛాయ్ నేను ఫ్లాస్కులో తెస్తా.

ఇట్లు,
రెండు చెరువుల నడుమ ఊళ్లో ఉండే ఒక కూరగాయల రైతు